కాలికబురు

దగ్గరకు జరగండర్రా, ఆ మూలనున్నవాళ్ళు కూడా. కథలన్నీ ఎప్పుడో అయిపోయినవే ఉంటాయి గానీ ఇది ఇంకా జరగని కథ. డెబ్బై ఏళ్ళు గడిచి, విశాఖపట్నానికీ భీమిలికీ మధ్య సముద్రం మీద నీటిబస్సులు తిరిగే రోజుల్లో జరిగిందనుకోండి.

ఆ రోజుల్లో నాట్యమే వృత్తిగా బతికే ప్రతి మనిషి చీలమండకూ ఒక పట్టీ ఉండేది. వెండిపట్టీ కాదు, దారమంత సన్నటిది. దాని పేరు కాలికబురు. లోపల ఆవగింజలో సగమైనా లేని సెన్సర్లు వందలకొద్దీ. అడుగు ఎంత బరువుగా పడింది, మడమ ముందు తాకిందా వేళ్ళు ముందు తాకాయా, ఏ కండరం బిగిసింది, ఏది సడలింది, అన్నీ కొలిచి 'అడుగుల కొలువు' అనే పెద్ద కంప్యూటరుకు పంపేది. అంతకుముందు ఆడేవాళ్ళకు పని కబురు ఎలా తెలిసేది? మేకప్ గదిలో ఒకరి చెవిలో ఒకరు ఊదితేనో, టీ బడ్డీ దగ్గర ఎవరైనా నోరు జారితేనో. పట్టీ వచ్చాక ఆ బాధ లేదు. ఏ మేళంలో ఎవరు కావాలి, ఎంత పొడుగుండాలి, ఎంపిక ఎప్పుడు, అంతా చెవిలో మెల్లగా చెప్పేది. స్నేహాలూ అదే కలిపేది. ఇక్కడ ఒకరు కాలితో తాళం వేస్తే, ఎక్కడో ఉన్న నేస్తం చీలమండకు ఆ తాళం తెలిసేది.

దీన్ని కనిపెట్టిన డాక్టర్ హైమవతి దానికి ఇంకో విద్య కూడా నేర్పింది. దాన్ని ముందుకబురు అనేవారు. ఎవరి మోకాలు దెబ్బతింటోందో అడుగు తీరును బట్టి నలభై రోజుల ముందే పసిగట్టి, రాబోయే ఆ ఖాళీకి తగినవాళ్ళకు చెబుతుంది. పేరు మాత్రం చెప్పదు. దెబ్బతిన్న మనిషికి అసలు చెప్పదు. రోగం సంగతి చెప్పే హక్కు వైద్యుడిదే గానీ పట్టీది కాదని చట్టం. పేరు దాస్తే గుట్టు దాగుతుందనుకుంది ఆ మహాతల్లి. అంత చదువూ చదివి!

నూకరత్నానికి ముప్పై ఏడేళ్ళు. పెళ్ళిపందిళ్ళలో, దుకాణాల ప్రారంభాల్లో ఆడీ ఆడీ విసిగిపోయింది. భీమిలి తీరాన నీళ్ళ మీద తేలే నాటకశాల ఒకటుంది. అక్కడి సాగరమేళంలో చోటు దొరికితే ఏడాది పొడుగునా ఆడొచ్చు. అయితే ముప్పై ఎనిమిది నిండినవాళ్ళను కొత్తగా తీసుకోరు. ఆమెకు ఇంక మిగిలింది మూడు నెలలు.

ఒక ఉదయం పెనం మీద దోసె తిరగేస్తుంటే పట్టీ పలికింది.

"సాగరమేళంలో నలభై రోజుల్లో ఖాళీ రావచ్చు. రెండో వరస, ఎడమ కొస. ఇత్తడి పళ్ళెం అంచుల మీద నిలబడి ఆడగలగాలి. పొడుగు అయిదడుగుల రెండంగుళాలు. అర్జీ పెట్టాలంటే మడమతో నేలను మూడుసార్లు తట్టండి."

తట్టేసింది. ఆ తరువాతే బుర్ర పనిచేసింది. రెండో వరస, ఎడమ కొస, పళ్ళెం... జగదాంబ! చిన్నప్పుడు ఒకే గురువు దగ్గర, ఒకే పళ్ళెం మీద వంతులేసుకుని తనతో పాటు నేర్చుకున్న, అక్కలాంటి జగదాంబప్ప. దోసె మాడిపోయింది.

చెబితే జగదాంబ విశ్రాంతి తీసుకుంటుంది, మోకాలు బాగుపడుతుంది, ఖాళీ రాదు. చెప్పకపోతే ఏదో ఒక రోజు పళ్ళెం మీదనే కూలబడుతుంది, ఆ తరువాత ఆమె ఆడేది ఉండదు. 'ఇంకెవరైనా చెబుతారులే' అనుకుంది నూకరత్నం. ఆ సాయంత్రం జగదాంబ ఎప్పటిలాగే కాలితో తాళం వేసి పలకరించింది. నూకరత్నం బదులివ్వలేదు. మర్నాడూ అంతే. మూడో రోజు పట్టీ విప్పి బియ్యం డబ్బాలో పెట్టింది. అయినా అన్నం సయించలేదు. నాలుగో రోజు భీమిలికి నీటిబస్సెక్కింది.

జగదాంబ మోకాలికి కట్టుతో మంచం మీద కూర్చుని వేరుశనగకాయలు ఒలుచుకుంటోంది. పక్కన కుర్చీలో కళ్ళజోడు పెట్టుకున్న ఒకామె, ఒళ్ళో పలకంత కంప్యూటరు.

"వచ్చీసినావేటే? విశాఖ నుంచి నాలుగు రోజులు పట్టిందా? ఈదుకొచ్చినావా?" అంది జగదాంబ.

"అప్పా, నీ మోకాలు..."

"తెల్సు. పదిమంది సెప్పీసినారు, నువ్వు పదకొండు. ఒకర్తి ఫోన్లో ఏడిసింది, ఒకర్తి తిట్టింది. మన రమణి అయితే శ్రీకాకుళం నుంచి వైద్యుణ్ణే ఎంటేసుకొచ్చీసింది."

కుర్చీలో ఉన్నామె డాక్టర్ హైమవతి. తన యంత్రానికి పట్టిన జబ్బేమిటో చూసుకోవడానికి హైదరాబాదు నుంచి వచ్చింది.

"మూడేళ్ళలో రెండు వందల పన్నెండు ఖాళీలు ముందుగా చెప్పామండీ. నిజంగా వచ్చినవి ఏడు. లెక్క తప్పిందని ఆరు నెలలు అల్గారిథం తిరగరాశాను. పేరు చెప్పలేదు కదా, ఎవరిదో మీకెలా తెలిసింది?"

జగదాంబ ఫక్కున నవ్వింది. "రెండో వరస ఎడం కొసన ఎవులుంటారో మాకు తెల్దా తల్లీ? ఆడీవోళ్ళకి నిలబడ్డ సోటే పేరు."

నూకరత్నం ఇంకా గుమ్మంలోనే ఉంది. చెప్పుల వైపు చూస్తూ అంది: "అప్పా, నాను అర్జీ ఎట్టీసినాను. కబురిన్న నిమిషంలోనే. తరవాత మూడ్రోజులు నోరు మూసుకు కూకున్నాను."

జగదాంబ ఇంకో కాయ ఒలిచి నోట్లో వేసుకుంది. హైమవతి మాత్రం పలకలోకి చూసి, "మీరొక్కరే కాదండీ. కబురు వెళ్ళింది పదకొండు మందికి. వచ్చిన అర్జీలూ పదకొండే. ఒక్కరూ వెనక్కి తీసుకోలేదు. అదే నాకు అంతుపట్టడం లేదు. ఖాళీ కావాలంటారు, రాకుండానూ చూస్తారు. దీన్ని ఏ గణితంలో ఇరికించను?" అంది.

"రమణి కూడానా!" జగదాంబ మంచం ఊగిపోయేలా నవ్వింది. "దొంగమొకంది! వైద్యుణ్ణి తెస్తూనే నా సోటు మీద కన్నేసిందా!" కళ్ళు తుడుచుకుని మళ్ళీ అంది: "ఎందుకులే, నాను మాత్రం తక్కువ తిన్నానా? పోయినేడు ఇంకో మేళంలో మొదటి వరసకి ముందుకబురొస్తే ముందు అర్జీ ఎట్టి, తరవాతే ఆ పిల్లకి ఫోన్ సేసినాను."

"అయితే చట్టం మార్పించి, సంగతి నేరుగా మీకే చెప్పేలా పట్టీకి నేర్పుతాను. అందరికీ సులువు," అంది హైమవతి.

"వద్దు తల్లీ. పట్టీ సెబితే దాన్ని ఇప్పీసి సముద్రంలోకి ఇసిరీసి, ఎల్లి ఆడీస్తాను. నొప్పి దాసుకోడం మాకు అడుగులతో పాటే నేర్పీసినారు. పదకొండు మంది ఎంటపడితే ఎక్కడికి పోతాను?"

హైమవతి పలక మూసింది. ఆ తరువాత ముందుకబురులో ఒక్క అక్షరం కూడా ఆమె మార్చలేదు.

జగదాంబ నూకరత్నం వైపు తిరిగింది. "మూడు నెలలు కాలు కదపొద్దన్నాడు వైద్యుడు. అన్నాళ్ళూ నా సోట్లో ఎవులో ఒకలు ఆడాల. మా మేళం మాస్టారు నన్నే పేరు సెప్పమన్నారు. మా రత్నం వచ్చినాక సెప్తానన్నాను."

"రాకపోతే?"

"రాకపోతే మోకాలి నొప్పి మర్సిపోయీదాన్ని, మనసుకి అంత నొప్పి. కూకో. ఇది ఇను. ఆ ఎడం కొసన స్టేజీ బల్ల ఒకటి కెరటం తగిలితే ఊగుతాది. పళ్ళెం దాని మీద ఎట్టకు, జానెడు లోపలికి జరుపు."

నూకరత్నం మూడు నెలలూ జానెడు లోపలికి జరిగే ఆడింది. వయసు నిండకముందే మేళంలో పేరెక్కింది గనక, జగదాంబ తిరిగొచ్చిన రోజున నూకరత్నాన్ని మూడో వరసలో ఉంచుకున్నారు.

ఇదర్రా కథ. గుర్తుంచుకోండి, మీ వెనక పుట్టేవాళ్ళకు చెప్పండి. చెప్పేటప్పుడు పదకొండు మందీ కబురు చెప్పారన్న మాట ఒక్కటే చెప్పి వాళ్ళను దేవతలను చేయకండి. ముందు అర్జీలు పెట్టుకున్న సంగతీ చెప్పండి. అది దాచి చెబితే ఈ కథే కాదు.