పేరు రాయని ప్రార్థన చీటీ

2004 జులైలో ఒక ఆదివారం ఉదయం సరోజిని పెసరట్టు తిరగేస్తూ భర్తకు అబద్ధం నేర్పుతోంది. భర్త దేవదానం రేపల్లెలో ముప్పై ఏళ్లు లెక్కలు చెప్పి రిటైరైన మాస్టారు. ఈ పాఠం మాత్రం ఎక్కడం లేదు.

"ఎవరైనా అడిగితే ఏం చెప్తారు?"

"మంగళవారం గుంటూరు..."

"బాపట్లండీ! బాపట్లలో మా చెల్లెలింటికి పదిరోజులు వెళ్తున్నాం. ఆసుపత్రి మాట ఎత్తారంటే ఊరుకోను."

"మీ చెల్లెలికన్నా చెప్పావా?"

"ఆపరేషన్ అయ్యాక చెప్తా. మీరు తినండి, చల్లారిపోతోంది."

ఆమె రొమ్ములో గడ్డ క్యాన్సరేనని డాక్టరు తేల్చి వారమైంది. గురువారం గుంటూరులో ఆపరేషన్. సరోజిని చర్చిలో స్త్రీల సమాజానికి కార్యదర్శి. సంఘంలో ఎవరికి జ్వరం వచ్చినా ముందు ఆమె చారు క్యారియరు వెళ్లేది, ఆ తర్వాతే డాక్టరు. అలాంటి తాను మంచమెక్కితే పదిమందీ చుట్టూ చేరి అయ్యో పాపం అంటారా? అంతకంటే గడ్డే నయమనిపించింది ఆమెకు.

చర్చి గుమ్మం దగ్గర ఒక చెక్కపెట్టె ఉంటుంది. ప్రార్థన కావలసినవాళ్లు చీటీ రాసి అందులో వేస్తారు. పేరు రాయనక్కర్లేదు. ప్రసంగం అయ్యాక వాటిని పైకి చదివే పని సరోజినిది. ప్రతి చీటీనీ చివరి అక్షరం దాకా చదవాలని తీర్మానం చేయించింది కూడా ఆమే. అంతకుముందున్నామె పొడుగు చీటీలను సగంలోనే మింగేసేది.

ఆ రోజు డిగ్రీ సప్లిమెంటరీ ఒకటి, మోకాళ్ల నొప్పులు రెండు అయ్యాయి. నాలుగో చీటీ పెద్ద పెద్ద అక్షరాలతో పిల్లల రాతలా ఉంది. సరోజిని మామూలు జోరుతోనే మొదలుపెట్టింది.

"గురువారం ఆపరేషన్ జరగబోయే ఒక సహోదరి కోసం. ఆమెకు రొమ్ములో..."

చదవడం ఆపి తలెత్తింది. మగవాళ్ల వైపు మూడో బెంచీలో దేవదానం పైన తిరుగుతున్న ఫ్యాను రెక్కలు లెక్కపెడుతున్నాడు. చీటీ మడిచేద్దామనుకుంది. కానీ తీర్మానం ఆమెదే.

"...రొమ్ములో క్యాన్సర్. ఎవరికీ చెప్పనివ్వడం లేదు. ఒకరికి పెట్టడమే తప్ప ఒకరి చేత పెట్టించుకోవడం ఆమెకు తెలియదు. ఆమె భర్తకు టీ కాచుకోవడం కూడా రాదు. అందుకని కాదు గాని, ఆమె లేకుండా అతనికి రోజు గడవదు. ఆమె బతకాలి."

పాస్టరు లాజరు గారు మెల్లగా లేచారు. "ప్రార్థన చేద్దాం. ఆ సహోదరి పేరు దేవునికి తెలుసు."

"మాకూ తెలుసండి అయ్యగారూ!" ఆడవాళ్ల వైపు నుంచి స్త్రీల సమాజం సువార్తమ్మ గొంతు. ఏడుస్తున్నవాళ్లు కూడా నవ్వేశారు.

ఇంటి గడప దాటగానే సరోజిని విరుచుకుపడింది.

"నోరు విప్పనని మాటిచ్చారా లేదా?"

"నోరు విప్పలేదుగా."

"నలుగురిలో నన్ను నిలబెట్టి, నా చేతే చదివిస్తారా? ఏంటండీ మీకు నేను చేసిన ద్రోహం?"

దేవదానం కుర్చీలో కూలబడ్డాడు. ఆయన గొంతు ఎన్నడూ లేనంతగా లేచింది.

"నీ ధైర్యం నీకుంది సరోజినీ, నాకేదీ? రక్తం చూస్తే కళ్లు తిరిగే మనిషిని. థియేటరు బయట ఒక్కణ్ణే ఎలా కూర్చోను? వారం నుంచి నాకు నిద్ర లేదు. ఎవరితోనూ చెప్పుకోవద్దన్నావు. నీ గడ్డ నీ ఒక్కదానిదే అనుకున్నావా?"

వారం రోజులుగా ఆయన ముఖం ఎలా ఉందో ఒక్కసారీ చూడలేదని సరోజినికి అప్పుడే తట్టింది. వెళ్లి ఆయన పక్కన కూర్చుంది. ఇద్దరూ కాసేపు హాయిగా ఏడ్చుకున్నారు.

ఆ ఏడుపు పూర్తి కాకముందే గేటు చప్పుడైంది. సువార్తమ్మ, ఆమె భర్త తోమాసు, వెనక పదిమంది ఆడవాళ్లు.

"అక్కా, నువ్వు లేవకు. వంటింట్లోకి వచ్చావంటే కాళ్లు విరగ్గొడతా."

"ఉప్పు ఎక్కడుందో తెలుసటే నీకు?"

"వెతుక్కుంటాం. మాకూ కళ్లున్నాయి."

ఆసుపత్రిలో తోడు ఎవరుండాలని వాళ్లలో వాళ్లే పోట్లాడుకుంటుంటే, వాళ్లు వండిపెట్టిన పప్పన్నం సరోజిని తింది. పప్పులో చింతపండు ఎక్కువైంది. ఆ మాట పైకి అనకుండా ఉండటానికి ఆమెకు దేవుడే బలమిచ్చాడు.

మంగళవారం ఉదయం అందరూ తెనాలి దాకా సాగనంపడానికి రైలెక్కారు. దారి పొడవునా కీర్తనలే. పెట్టెలో మిగిలిన ప్రయాణికులు మొదట విసుక్కున్నారు, తర్వాత చప్పట్లు కలిపారు. తెనాలి ప్లాట్‌ఫారం మీద లాజరు గారు ప్రార్థన చేశారు. గుంటూరు రైలు వచ్చింది. సరోజిని పెట్టెలోకి ఎక్కి, కిటికీలోంచి చెయ్యి చాపి సువార్తమ్మ చెయ్యి పట్టుకుంది.

"సువార్తా, నువ్వు గుంటూరు దాకా రాకూడదుటే? నాకు భయంగా ఉంది."

పెళ్లయి వచ్చాక ఆ ఊళ్లో ఆమె ఇంకొకరిని సాయమడగడం అదే మొదలు. సువార్తమ్మ కళ్లు తుడుచుకునేలోపే మిగతా పదిమందీ ఎక్కేశారు, వాళ్ల వెనకే ఆమె. తోమాసు "ఆగండర్రా, టికెట్లు!" అంటూ కౌంటరు వైపు పరుగెత్తాడు.

రైలు కదిలింది. పదకొండుమంది మధ్య ఇరుక్కుపోయి సరోజిని గట్టిగా నవ్వింది. సీటు దొరకని దేవదానం గుంటూరు దాకా నిలబడే దేవునికి స్తోత్రం చెప్పుకున్నాడు.