ముగియని పథ్యం

కుళాయికి నీళ్ళు వచ్చే వేళకే అప్పలలక్ష్మి పొయ్యి మీద జావ కలిపింది. బెంగాల్లో, ఖిదిర్‌పూర్ రేవుకు దగ్గరలో, ఒకే వసారా చుట్టూ నాలుగు కాపురాలు సర్దుకున్న పాత ఇంట్లో వాళ్ళవి రెండు గదులు. ముందు గది కొడుకు మురళీమోహన్‌ది, కోడలు రోజారాణిది. వెనక గదిలో, కిటికీ పక్కన వేసిన మంచం మీద ఆమె భర్త కూర్మయ్య పడుకుని ఉన్నాడు. ఒకనాడు రేవులో బస్తాలెత్తే శ్రీకాకుళం ముఠాకు సర్దారు ఆయన. ఇప్పుడా భుజం మీద దుప్పటి కూడా నిలవడం లేదు.

వానాకాలంలో ఆయనకు ఊపిరితిత్తుల నిమ్ము చేసింది. ఆసుపత్రి నుంచి ఇంటికి తెచ్చిన పూటనే అప్పలలక్ష్మి ఆయనను పథ్యంలో పెట్టింది. చేప లేదు, గుడ్డు లేదు, పప్పు లేదు. జావ, చారన్నం, బార్లీ నీళ్ళు. కాలు కింద పెట్టనిచ్చేది కాదు. జ్వరం ఏనాడో పోయింది. దసరా పూజ పందిళ్ళు లేచాయి, విప్పేశారు, చలిగాలి మొదలైంది. పథ్యం మాత్రం అలాగే ఉంది. పథ్యంలో పెట్టిన మనిషే దాన్ని విడిపించాలన్నది వాళ్ళ పద్ధతి. ఆ అధికారం కోడలికి లేదు.

"అత్తా, బజార్లో రుయీ చేప తాజాగా వచ్చింది. మావయ్యకి ఒక్క ముక్క ఉడికించి పెట్టనా?" అంది రోజారాణి వంటింటి గడప దగ్గర నిలబడి.

"మతుండే మాటాడతన్నావేటే? అరగని మనిషికి చేపెట్టి సంపుతావా?"

"అరగదని ఎవరన్నారు?"

"నానన్నాను. ఆయన కడుపు సంగతి నాకు తెల్దా? నిన్నగాక మొన్నొచ్చిన గుంటవి నువ్వా సెప్పడం!"

"పెళ్ళయి పదిహేనేళ్ళయింది అత్తా. మీ నిన్నగాక మొన్న చాలా పొడుగు" అని నవ్వబోయి, అత్త ముఖం చూసి రోజారాణి బిందె తీసుకుని కుళాయికి వెళ్ళింది.

అప్పలలక్ష్మి గిన్నె తీసుకుని వెళ్ళి మంచం పక్కన బల్ల మీద పెట్టింది. తరవాత వచ్చి చూస్తే గిన్నె ఖాళీగా ఉంటుంది. మనిషి ఎందుకు ఇంకా కరిగిపోతున్నాడో ఆమెకు అర్థం కాలేదు. అర్థం కానిదానికి ఆమె దగ్గర ఒక పేరుంది. వయసు.

ఆ పేరు ఆమె సొంతం కాదు. మురళీమోహన్ తండ్రిని ఒక పెద్ద క్లినిక్కుకు తీసుకెళ్ళినప్పుడు అక్కడి డాక్టరు ఆయనను ముట్టుకోకుండానే, కాగితం మీద నుంచి కళ్ళెత్తకుండానే, "బయొష్ హొయెఛె" అన్నాడు. వయసైపోయింది, ఇంకేం చేస్తాం అని. ఆ రెండు మాటలను కొడుకు తీర్పులా ఇంటికి మోసుకొచ్చాడు. ఇంటిల్లిపాదీ తలవంచారు. అక్కడే కూర్చుని విన్న కూర్మయ్యను మాత్రం ఎవరూ ఏమీ అడగలేదు.

డ్యూటీ దిగి వచ్చిన మురళీమోహన్ చెప్పులు విప్పుతూనే అన్నాడు. "అమ్మా, టికెట్లు దొరికాయి. బేస్తవారం, షాలిమార్ స్టేషన్‌లో బండి. చిన్నాన్న కొడుక్కి ఫోన్ చేశాను, అక్కడ ఊరి స్టేషన్‌కి ఆటో తెస్తానన్నాడు."

"మంచి పని సేసినావు బాబూ. ఉన్నన్నాళ్ళూ సొంతూళ్ళో ఉంటాడు" అంది అప్పలలక్ష్మి. పోయేది అక్కడే అన్న మాటను ఆమె మింగేసింది. ట్రంకుపెట్టెలో ఆయన కోసం కొన్న కొత్త పంచె అప్పటికే మడతపెట్టి ఉంది. రేవులో పనిచేసిన మనిషి ఊరికి వెళ్ళిపోయేటప్పుడు కొత్త పంచె కట్టాలి. ముఠాలో అది మర్యాద.

"దారికి బీపీ మాత్రలు కావాలి కదా" అంది రోజారాణి. "వార్డు హెల్త్ సెంటర్‌కి తీసుకెళ్దాం. డాక్టర్ దీది ఈరోజు ఉంటారు."

టోటో రిక్షా గతుకుల్లో కదిలినప్పుడల్లా కూర్మయ్య అప్పలలక్ష్మి చెయ్యి పట్టుకున్నాడు. ఆ పట్టులో ఏమీ లేదు. కాకి వాలినట్టుంది.

హెల్త్ సెంటర్ డాక్టరమ్మ నడివయసు మనిషి. మాత్రలు రాసి పంపేయకుండా, తాతను పిలిచినట్టు, "దాదు, నా చెయ్యి గట్టిగా నొక్కండి" అంది. ఆయన నొక్కాడు. చేతులు కట్టుకుని కుర్చీలోంచి లేవమంది. రెండుసార్లు ప్రయత్నించి ఆయన లేవలేకపోయాడు. మూడోసారి కుర్చీ చేతులు పట్టుకుని లేచి, తలుపు దాకా నడిచి, చౌకట్టుకు ఆనుకుని నిలబడిపోయాడు.

"ఏం పెడుతున్నారు ఈయనకి?"

అప్పలలక్ష్మి తలెత్తి, తనకు వచ్చిన బెంగాలీలో, గర్వంగానే చెప్పింది. జ్వరం వచ్చిన నాటి నుంచి చేప ముక్క తగలనివ్వలేదని, మంచం దిగనివ్వలేదని, తన చేత్తోనే జావ కాచి పెడుతున్నానని. డాక్టరమ్మ కోప్పడలేదు. కోప్పడి ఉంటే అప్పలలక్ష్మి తట్టుకునేది. ఆమె కళ్ళజోడు తీసి, కళ్ళు మూసుకుని, మళ్ళీ పెట్టుకుంది. తరవాత నెమ్మదిగా చాలాసేపు మాట్లాడింది. ఆమె వాడిన మాటకు రోజారాణికి తెలుగు దొరకలేదు.

"ఏటంటంది?"

"ఒంట్లో నిలవ తరిగిపోయిందంట అత్తా. ఇది జబ్బు కాదు, ఒట్టి వయసూ కాదంట. జ్వరం కొంత తినేసింది. తిండి లేక కొంత, మంచం మీద పడుకోబెట్టి కొంత, కండ అంతా కరిగిపోయిందంట. అందుకే చిన్న దెబ్బకే కూలిపోతారంట. పోయినదంతా తిరిగి రాదంట. కాని చేప, గుడ్డు, పప్పు పెట్టి, రోజూ లేపి కూర్చోబెట్టి, నాలుగడుగులు వేయిస్తే ఉన్నది నిలబడుతుందంట. కొంచెం వస్తుందేమో కూడా."

డాక్టరమ్మ కూర్మయ్య వైపు తిరిగింది. "దాదు, రైల్లో ఊరికి వెళ్తున్నారట. మీకు వెళ్ళాలని ఉందా?"

కూర్మయ్య భార్య వైపు చూశాడు. ఆ చూపును ఆమె ఇంతకు ముందెప్పుడూ ఎరగదు. సెలవు అడిగే కూలివాడి చూపు అది.

ఇంటికి వచ్చాక గొడవ రేగింది.

"ఆ డాక్టరొకటంటాడు, ఈవిడొకటంటది. ఎవరి మాట వినాలి?" అన్నాడు మురళీమోహన్.

"ఆ డాక్టరు మావయ్యని ముట్టుకోనేలేదు. ఈవిడ చెయ్యి పట్టుకు చూసింది. ఆ మాత్రం తేడా మీకు తెలీదా?"

"నీకు బాగానే ఉంటది మాటాడ్డానికి. అయ్య ఇక్కడ పోతే నన్నేమంటారు? కూర్మయ్య సర్దార్ని కొడుకు ఊరు చేర్చలేదనరా? రేవంతా ఉమ్ముతుంది నా మొహం మీద!"

"అంటే, నాను పస్తులెట్టి సంపుతున్నానంటావా?" అప్పలలక్ష్మి కోడలి మీదికి తిరిగింది. ఆమె గొంతు వసారాలో వినబడింది. పక్క కాపురం కిటికీ మెల్లగా తెరుచుకుంది. "రాత్రనక పగలనక సేవ సేసినదాన్ని. నా సేత్తో జావ కాసెట్టినాను. నన్నా అనడం?"

"మిమ్మల్ని ఎవరంటారు అత్తా? మీరు ప్రేమతోనే పెట్టారు" అంది రోజారాణి. ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి గాని మాట వెనక్కి తీసుకోలేదు. "కాని ఆకలి ఆయనది."

"అరవకండి."

ముగ్గురూ వెనక్కి తిరిగారు. కూర్మయ్య మంచం అంచు మీద కూర్చుని ఉన్నాడు. ఎవరూ లేపలేదు. తనంతట తానే లేచాడు. ఆ శ్రమకు ఆయన ఛాతీ ఎగసిపడుతోంది.

"నువ్వు పెట్టి తీసినప్పుడు పంచె సూసినాను" అన్నాడు.

అప్పలలక్ష్మి ట్రంకుపెట్టె వైపు చూసింది.

"ముఠాలో నడుం పోయినోడికి నానే కొత్త పంచె కట్టించి బండెక్కించీవోణ్ణి. ఒక్కడూ తిరిగి రానేదు. ఆ పంచెకి అర్థమేటో నాకు తెల్దేటి, లచ్చిమీ?" ఊపిరి కూడదీసుకుని మళ్ళీ అన్నాడు. "ఆ ఊర్లో నాకెవులున్నారు? మీసాలు రాకముందొచ్చీసినాను. నా సెమటంతా ఈ గంగొడ్డునే కారింది. నన్నిక్కడే కాల్చండి. ఆ బండి మాత్రం ఎక్కించకండి."

"మరి ముందే సెప్పొచ్చు కదయ్యా!" అన్నాడు మురళీమోహన్.

"మీలో ఎవులడిగినారురా?" ఆ మాటలో కోపం లేదు. అందుకే అది గదిలో అందరికీ తగిలింది. "నా ముందరే కూకుని టికెట్లన్నారు, ఆటోలన్నారు. బండి రాకముందే పోతే అందరికీ సుకమనుకున్నాను. జావంతా కిటికీలోంచి కాలవలో పోసీవోణ్ణి."

అప్పలలక్ష్మి మంచం పట్టె పట్టుకుని కింద కూర్చుండిపోయింది. పూటపూటా ఖాళీ గిన్నె చూసి తాను తృప్తి పడింది. ఆ తృప్తిని ప్రేమ అనుకుంది. అరగడం లేదన్న మాట తనది, వయసన్న మాట డాక్టరుది, ఊరన్న మాట కొడుకుది. ఈ ఒంటి గురించి ఇంటినిండా మాటలున్నాయి. ఒంటిలో ఉన్న మనిషి మాట ఒక్కటీ లేదు. న్యాయం కోసం కుళాయి దగ్గర పదిమందితో పోట్లాడిన ఆడది ఆమె. తన ఇంట్లో, తన మంచం మీద జరిగిన అన్యాయం ఆమె కంటబడలేదు.

కొంగుతో ముఖం తుడుచుకుని లేచింది. "రోజా, ఆ సేప తెచ్చీ. ముల్లు తక్కువుండే ముక్క సూసి తే."

మధ్యాహ్నానికి వేడినీళ్ళతో ఆయనకు ఒళ్ళు తుడిచి, శుభ్రమైన బట్ట కట్టి, పీట వేసింది. మురళీమోహన్ తండ్రిని సందిట పట్టి లేపబోయాడు. "ఎత్తకురా. ఆయనే లేత్తాడు, నువ్వు పక్కనుండు" అంది అప్పలలక్ష్మి. కూర్మయ్య లేచి, గోడ పట్టుకుని, దారిలో ఒకసారి ఆగి, పీట దాకా వచ్చి కూర్చున్నాడు. అంత దూరానికే నుదుట చెమట పట్టింది. బస్తాలు మోసిన మనిషి ఆ నాలుగడుగులకు అలసిపోవడం చూసి కొడుకు వసారాలోకి వెళ్ళిపోయాడు. ఫోన్‌లో టికెట్లు రద్దు చేశాడు. మళ్ళీ లోపలికి వచ్చి తండ్రి వెనకే కూర్చున్నాడు.

పసుపు, మిరియాలు వేసి మెత్తగా ఉడికించిన చేపను అప్పలలక్ష్మి వేళ్ళతో విడదీసి, ముల్లు లేదని రెండుసార్లు తడిమి చూసి, అన్నంలో కలిపి మొదటి ముద్ద ఆయన నోటికి అందించింది. పథ్యం అలా విడిపించాలి. ఆయన నమలసాగాడు. నములుతూ మధ్యలో ఆగాడు. దవడ అలసిపోయింది. ఇన్నాళ్ళూ చారన్నం నములుతూ ఇలా ఆగినప్పుడు ఆమె అయిష్టం అనుకుంది. ఇప్పుడు తొందరపెట్టకుండా చెయ్యి దించి, ఎదురు చూసింది. మింగడానికి ఆయనకు చాలాసేపు పట్టింది. పోయినదంతా తిరిగి రాదన్న డాక్టరమ్మ మాట నిజమని ఆ కాసేపట్లో ఆమెకు తెలిసింది. ఆమె కన్నీళ్ళు కంచం అంచు మీద పడ్డాయి.

రెండో ముద్ద కలిపి ఎత్తబోయి ఆగిపోయింది.

"ఇంకో ముద్ద పెట్టనా?"

కూర్మయ్య తలెత్తి చూశాడు. ఇన్నేళ్ళ కాపురంలో ఆమె పెట్టింది, ఆయన తిన్నాడు. ఈ ప్రశ్న ఎన్నడూ వినలేదు.

"ఏటే, నన్నడగతన్నావా?"

"నిన్నే అడగతన్నాను."

ఆయన కాసేపు ఆలోచించాడు. ఆలోచించడానికి తనకు వ్యవధి ఇచ్చారని నమ్మకం కుదిరాక అన్నాడు.

"అయితే పెట్టు. కూసింత ఆగి."