మీ నాయినకు చెప్పు

సాగర్ డ్యాం పని జోరుమీదున్న రోజులు. మా తమ్ముడు మారయ్యకు పానగల్లు అవతల రెండు అర్రల ఇల్లుండె. వాడు, వాని పెండ్లాం సోమమ్మ ఒకరితోనొకరు మాట్లాడుకోరు. ఎందుకు ఆగిందో గా మాట, వాళ్లకే యాదిలేదు. నడుమ ఒక్కతే బిడ్డ, యాదలక్ష్మి. పదిహేనేండ్లది.

"మీ నాయినకు చెప్పు, బువ్వ తినమను" అంటది పొయ్యికాడ సోమమ్మ. పట్టగొలుసులు మోగిచ్చుకుంట ముందరి అర్రలకు పోయి చెప్తది పిల్ల. "మీ అమ్మకు చెప్పు, ఆకలి లేదను" అంటడు వీడు. మళ్ల వెనక్కి. నోట్ల ముద్ద మింగకముందే లేస్తది. అది మనిషా, టపా బంట్రోతా! నేను ఎంత మొత్తుకున్నా ఎవడింటడు?

చలికాలంల పిల్ల బడికి పోనన్నది. గోడ దిక్కు ముఖం పెట్టి కూసుంటది, జుట్టు పీక్కుంటది. ఒకపారి అమ్మ గొంతు, ఒకపారి నాయిన గొంతు దాని నోట్లకెళ్లి వస్తాంది. గాలి సోకిందన్నరు అందరు.

యాదగిరిగుట్టకు తోలుకపోయిన. దేవుని కాడ నిద్రలు చేసినం. అక్కడ కడుపునిండ తిన్నది, నన్ను ఎక్కిరిచ్చి నవ్వింది.

"అత్తా, నన్ను నీ తాననే ఉంచుకో. ఇంటికి పోతే మళ్ల గట్లనే అయితది."

నా పానం తరుక్కుపోయింది. కాని ఒకరి బిడ్డను ఎట్ల ఉంచుకోను? బస్సు దిగినంక దారి పొడుగునా పట్టగొలుసులు మోగుతనే ఉన్నయి.

దీపాలు పెట్టే యాళకు వాకిట్లకొచ్చినం. తలుపు దగ్గరికేసుంది. పొగ, జొన్నరొట్టె వాసన. లోపల రొట్టె తడుతున్న సప్పుడు...

"మీ నాయినకు చెప్పు, రొట్టె సల్లారుతాందని."

నవ్వొచ్చింది నాకు. పిల్ల లేకున్నా అలవాటు పోలేదనుకున్న.

అప్పుడు పట్టగొలుసులు మోగినయి. లోపల. వెనక అర్రలకెళ్లి ముందరి అర్రకు...

"నాయినా... రొట్టె సల్లారుతాందంట."

యాదలక్ష్మి గొంతే.

పక్కకు చూసిన. పిల్ల పెదవులు కదుల్తలేవు. నా చేతిల దాని చెయ్యి మంచుగడ్డ లెక్క సల్లగయింది.

"అత్తా..." గుసగుసగ అన్నది. "నేను లోపలున్న గద... మరి నువ్వెవర్ని తెచ్చినవ్?"

"పా బిడ్డా, పోదాం పా!" గుంజిన. అడుగు కదల్లేదు.

తలుపు తెరుసుకున్నది. గడపల ఇద్దరు పక్కపక్కన నిలబడ్డరు. మారయ్య కందిలి ఎత్తి పిల్ల ముఖం చూసిండు. శానాసేపు చూసిండు. పెండ్లాం దిక్కు తిరిగిండు.

"సోమీ, గీ పిల్లెవరే?"

"నాకేమెరుక."

గా ఇద్దరు ఒక్క మాట మాట్లాడుకోవాలని ఎన్ని మొక్కులు మొక్కిన దేవుడా!

"కండ్లు పోయినయారా? నీ బిడ్డరా!"

"మా బిడ్డ ఇంట్లనే ఉన్నది అక్కా."

తలుపేసిండ్రు. గొళ్లెం పడ్డది. తలుపు కొట్టిన, తిట్టిన, ఏడ్చిన. కొంచెంసేపటికి లోపల సోమమ్మ మెల్లగ అన్నది.

"మీ అత్తకు చెప్పు, పొమ్మను."

పట్టగొలుసులు తలుపు దాక వచ్చి ఆగినయి.

"పొమ్మంటాంది అత్తా."

తలుపు అవతలకెళ్లి ఒక గొంతు, నా పక్కకెళ్లి ఒక గొంతు. రెండూ ఒక్కసారే.

తల వంచి దీని కాళ్ల దిక్కు చూసిన. పట్టగొలుసులు లేవు.