జడ్జి అడిగిన చివరి ప్రశ్న

ఆ ఉదయం లీయా తన ఆడబిడ్డ హేబ్సిబాకు తల దువ్వి, ఇస్త్రీ చీర కట్టించింది. అహరోను గడపలో నిలబడి చెల్లెలికి నాలుగోసారి అదే చెబుతున్నాడు: జడ్జి అడిగినదానికే జవాబివ్వాలి, నవ్వకూడదు, ఏడవకూడదు.

పదమూడేళ్ల కిందట, భర్త పోయిన ఏడాదే, హేబ్సిబాకు మతి చలించింది. ఆమెకు మతి లేదని కోర్టు తేల్చి, ఆమెకూ కమలనగర్‌లోని ఆమె ఇంటికీ అన్ననే సంరక్షకుడిగా పెట్టింది. మందులతో నయమై ఇప్పటికి మూడేళ్లు. కాగితం మీద మాత్రం ఆమె ఇంకా పిచ్చిదే. సొంత ఇంట్లో ఉండాలన్నా, తన సంతకం చెల్లాలన్నా ఆ తీర్పు రద్దు కావాలి. మనసు కదిలే మాటలు చెప్పొద్దని అప్పట్లో డాక్టరు అన్నాడట. అంతే, మహానుభావుడు అహరోను పేపరును, చుట్టాలను, చివరికి పాస్టరును కూడా తన ఇంట్లో ఆమె ఉండే గదిలోకి రానివ్వలేదు. ప్రేమే, కాదనలేం.

బీదరు కోర్టులో జడ్జి మెత్తగానే అడిగాడు. పేరు, భర్త పేరు, ఇల్లెక్కడ. హేబ్సిబా తడుముకోకుండా చెప్పింది. చివరగా, మనం ఏ రాష్ట్రంలో ఉన్నామమ్మా అని అడిగాడు.

"హైదరాబాదు స్టేట్ల, సార్."

వెనక ఎవరో కిసుక్కుమన్నారు. హైదరాబాదు స్టేటు ముక్కలై, బీదరు మైసూరు రాష్ట్రంలో కలిసి పన్నెండేళ్లయింది. జడ్జి కలం తీశాడు. తానేం తప్పు చెప్పిందో తెలియక హేబ్సిబా అన్న వైపు చూసింది. అహరోను లేచాడు.

"ఆమెకు మతి లేక కాదు సార్. నేనే చెప్పలే. ఇన్నేండ్లు బయటి ముచ్చట ఒక్కటి ఆమె చెవిన పడనియ్యలే. తప్పు నాది."

జడ్జి రాయకుండా కలం పక్కన పెట్టాడు. ఈ నెలంతా ఆమెను ఊళ్లో తిప్పి, మళ్లీ తీసుకురమ్మన్నాడు.

బయట మెట్ల మీద హేబ్సిబా నిలబడిపోయింది.

"రాజ్యం మారింది గూడ నాకు చెప్పలే. అమ్మ ఖటక్ చించోళిల ఉన్నదంటివి. నిజం చెప్పు అన్నా, ఉన్నదా?"

అత్తమ్మ పోయి ఆరేళ్లయిందని లీయాయే చెప్పింది.

హేబ్సిబా అక్కడే కూలబడి గొల్లుమంది. కోర్టువాళ్లు చూస్తే మళ్లీ పిచ్చి అంటారని అహరోను చెల్లెలి నోరు మూయబోయాడు. లీయా అతని చేయి పట్టుకుంది.

"ఏడ్వనియ్యుండ్రి. తల్లి పోతే ఏడ్వకుంటే గదా పిచ్చి."

తల్లిని మట్టి చేసిన రోజు, చెల్లెలు కనిపెడుతుందని ఇంట్లో తానూ ఏడవలేదు అహరోను. ఇప్పుడు ఆమె పక్కనే కూర్చుని, నన్ను మాఫ్ చెయ్యి చెల్లె అంటూ వెక్కి వెక్కి ఏడ్చాడు. చాలాసేపటికి హేబ్సిబా కొంగుతో ముందు అన్న మొహం తుడిచింది.

"అమ్మ నన్ను యాది చేసిందా?"

"ఆఖరి దినం దాంక. నిన్ను తోలుకరమ్మన్నది. నేనే తేలేదు."