డచ్చి సమాధుల దగ్గర పులిహోర

రాయి పోయింది.

పాలరాయి. గుండ్రంగా, అప్పడమంత. రెండు వేళ్ళ మందం. పొద్దున చౌకీదారు మగన్‌భాయ్ గేటు తీసినప్పుడు పెద్ద సమాధి గుమ్మం దగ్గర ఉంది. ఊడిపోయిందని, మళ్ళీ అతికించాలని అక్కడే పెట్టారు. పదిన్నరకి లేదు.

"పత్థర్ సవారే హతో. హవే నథీ," అన్నాడు మగన్‌భాయ్. రాయి పొద్దున ఉంది, ఇప్పుడు లేదు.

ఈ మధ్యలో లోపలికి వెళ్ళొచ్చింది ఒకే గుంపు. సూరత్‌లో ఉన్న తెలుగు ఉద్యోగుల కుటుంబాల సంఘం. ఏడాదికోసారి ఈ సంఘానికి సంస్కృతి గుర్తొస్తుంది. ఈసారి హెరిటేజ్ వాక్ రూపంలో గుర్తొచ్చింది. 'సూరత్‌లో యూరప్, నడుస్తూ చూద్దాం' అని దాని పేరు. కాగితంలో ఉన్నవి డచ్చివాళ్ళ కట్టడాలు, ఇంగ్లీషువాళ్ళ పాత వర్తక కొఠీ ఉన్న వీధి, తాపీ ఒడ్డున పాత కోట.

నడక మొదలైన పావుగంటకే అందరూ మినీబస్సు ఎక్కేశారు. మొదటి మజిలీలోనే పులిహోర గిన్నె దించారు.

ఇన్‌స్పెక్టర్ విజయరాణి రెండో ముద్ద నోట్లో పెట్టుకుంటుండగా మగన్‌భాయ్ కేక వినిపించింది. ఆమె రైల్వే రక్షణ దళంలో పనిచేస్తుంది. ఆదివారం ఒక్కరోజైనా దొంగల మొహాలు చూడకూడదని సంఘంతో వచ్చింది.

దర్యాప్తు అవసరం లేకుండా సంఘం అధ్యక్షుడు రామలింగేశ్వరరావు కేసు తేల్చేశాడు. ఆయన బ్యాంకు మేనేజరు. తేల్చడం ఆయనకి అలవాటు.

"గైడే తీసింది. ఆఖర్న బయటికొచ్చింది ఆ పిల్లే కదా!"

గైడు పేరు సంగీత. ఇరవై మూడేళ్ళు. తండ్రి లింగం సూరత్ మిల్లుల పేట ఉధ్నాలో మరమగ్గం నడుపుతాడు. అందర్నీ బయటికి పంపి ఆఖర్న రావడమే ఆమె ఉద్యోగం. అది కూడా ఇంకా ట్రయల్ మీదే ఉంది. టూర్ కంపెనీ ఇచ్చిన ఐడీ కార్డు మెడలో ఉంటేనే ఆమె గైడు. ఆ కార్డు ఇప్పుడు రామలింగేశ్వరరావు చొక్కా జేబులో ఉంది. ఆయనే లాక్కున్నాడు.

"నేను తియ్యలె సార్! ఆ రాయికి చెయ్యి గూడ పెట్టొద్దని మీ అందరికి చెప్పిన గదా!"

"ఎవరికి చెప్పావో ఏమో. నాకైతే చెప్పలేదు."

ఆమె బ్యాగుని అప్పటికే చాప మీద బోర్లించారు. దువ్వెన. గొడుగు. నీళ్ళ సీసా. రొట్టెలు, పచ్చిమిరప తొక్కు ఉన్న డబ్బా. డబ్బా మూత కూడా తీసి చూశారు. తొక్కు వాసన బావుందని ఎవరో అన్నారు.

"మిగతావాళ్ళ బ్యాగులు?" అడిగింది విజయరాణి.

"మనవెందుకండీ?" అన్నాడు కమలాకర్. ఆయన సంఘం కార్యదర్శి, బీమా ఆఫీసులో పని. "మనం ఫ్యామిలీస్ కదా!"

విజయరాణి ప్లేటు కింద పెట్టేసింది.

"మేడం, మీరు ఊరికే చూస్తారేంటి? లోకల్ పోలీసులకి ఫోన్ కొట్టండి," అన్నాడు రామలింగేశ్వరరావు. "వాళ్ళొచ్చి వాళ్ళ పద్ధతిలో అడిగితే నిజం చెబుతుంది. మిల్లులవాళ్ళ పిల్లలు మామూలుగా అడిగితే చెప్పరు."

"చెయ్యమంటారా?"

"వెంటనే. దొంగని వదలకూడదు."

"ఎవరైనా సరేనా?"

"ఎవరైనా సరే!"

విజయరాణి ఫోన్ చేసింది. పది నలభై రెండు.

"ఇరవై నిమిషాల్లో వస్తారట."

సంగీత ఆమె దగ్గరికి వచ్చింది. "మేడం, జర సోంచాయించుండ్రి. స్టేషన్ల నా పేరు వడితె కార్డు పాయె, నౌక్రీ పాయె. మా బాపు నన్ను మళ్ళ మార్కెట్ల చీరెలు మడతవెట్టే పనికి తోలుతడు. నాలుగేండ్లు ఆ పనే చేసిన."

"సోంచాయించడానికేనమ్మా ఈ ఇరవై నిమిషాలు."

విజయరాణి చుట్టూ చూసింది.

గేటు బయట వేపచెట్టు. కింద నీలం చాప. గిన్నె పక్కన కాగితం ప్లేట్లు. గాలికి ఎగరకుండా వాటి మీద బరువు పెట్టారు. తెల్ల తువ్వాలులో చుట్టిన ఏదో మూట. తువ్వాలు మూల మీద రైల్వే ముద్ర. ఏసీ బోగీలో ప్రయాణికులకి ఇచ్చి, దిగేముందు వెనక్కి తీసుకోవాల్సిన తువ్వాలు. విజయరాణి చూపు తిప్పుకుంది. రైల్వే తువ్వాళ్ళకి కూడా కేసులు పెడితే ఈ సంఘానికి కోరం ఉండదు.

గేటు పక్కన కుళాయి. చుట్టూ బురద. చీరల అంచులు తడిసి ఉన్నాయి. మగవాళ్ళ ప్యాంట్లు మోకాళ్ళదాకా మడిచి ఉన్నాయి. దాదాపు అందరి నుదుటి మీదా జుట్టు తడి. సంగీత జుట్టు కూడా.

విజయరాణి చూపు ఒక జత బూట్ల దగ్గర ఆగింది. తర్వాత ఒక్కొక్కరినీ చెట్టు వెనక్కి పిలిచింది.

ముందు ప్రవల్లిక. రైల్వే గార్డుగారి కోడలు, రీల్స్ చేస్తుంది.

"లోపల ఏం చూశావమ్మా?"

"ఏముంది మేడం, సమాధులు. లైటింగ్ సూపర్‌గా ఉంది. కానీ శ్మశానంలో రీల్ చేస్తే ఫాలోవర్లు పోతారని మా అత్తగారు వద్దన్నారు."

తర్వాత కమలాకర్.

"ఏం చూశారు?"

"పుట్టి బుద్ధెరిగాక ఇంత మంచి శ్మశానం చూళ్ళేదండీ. గుమ్మటాలు, వరండాలు! మనకి బతికుండగా ఇలాంటి ఇల్లు రాదు."

తర్వాత ఛాయాదేవి. అధ్యక్షుడిగారి భార్య. పులిహోర ఆవిడదే.

"నేనెక్కడ చూశానండీ? గోరీలని ఆ పిల్ల చెప్పగానే గేట్లోంచే వెనక్కొచ్చేశాను. నిత్యపూజ ఉన్నదాన్ని. కుళాయి దగ్గరే నిలబడి, వచ్చినవాళ్ళందరి నెత్తినా నేనే నీళ్ళు చల్లాను."

"మీవారి నెత్తిన?"

"ఆయన అందరి కన్నా ముందే బయటికొచ్చి బస్సెక్కేశారుగా. ఫోను."

చివర రామలింగేశ్వరరావు. ఆయన ప్లేటుతో సహా వచ్చాడు.

"లోపల ఏం చూశారు సార్?"

"చూడ్డానికేముంది? డచ్చివాళ్ళ గెస్ట్‌హౌసులు. పొద్దున్నుంచీ మా సొసైటీవాళ్ళతో ఫోన్లో పార్కింగ్ గొడవ. మాట్లాడుతూనే మొత్తం ఒక రౌండు వేశాను. పెద్దదానికి పైన బాల్కనీ కూడా ఉంది. వెంటిలేషన్ బ్రహ్మాండం. ఇవే ఊళ్ళో వరాఛా పేటలో ఉంటే అద్దెలకి జనం కొట్టుకునేవారు."

"గైడు చెప్పింది వినలేదా?"

"మనకి తెలియని చరిత్రా మేడం?"

విజయరాణి ఆయన చేతిలో ప్లేటు వంక చూసింది. మూడోసారి వడ్డించుకున్నాడు.

"రండి సార్. అందరి ముందూ మాట్లాడుకుందాం."

అందరూ చాప చుట్టూ చేరారు. సంగీత నిలబడే ఉంది. మగన్‌భాయ్ గేటు పట్టుకుని నిలబడ్డాడు.

"తినేముందు మీరంతా కుళాయి దగ్గర ఏం చేశారు?" అడిగింది విజయరాణి.

"కాళ్ళు కడుక్కుని నెత్తిన నీళ్ళు చల్లుకున్నాం," అంది ప్రవల్లిక.

"ఎందుకు?"

"ఎందుకేంటండీ, విడ్డూరం కాకపోతే!" అంది ఛాయాదేవి. "శ్మశానంలోంచి వచ్చి అలాగే తినేస్తామా?"

రామలింగేశ్వరరావు నమలడం ఆపాడు.

"శ్మశానం ఏంటి?"

వేపాకు ఒకటి పులిహోరలో రాలింది.

"అదీ సంగతి," అంది విజయరాణి. "సమాధి రాయి ఇంటికి పట్టుకెళ్ళేవాళ్ళు ఈ చాప మీద ఒక్కరూ లేరు. బంగారంతో చేసి ఇచ్చినా ముట్టుకోరు. మరి రాయి ఎలా పోయింది? తీసినవాళ్ళకి అది సమాధి అని తెలీదు కాబట్టి. తెలీనివాళ్ళు కాళ్ళెందుకు కడుక్కుంటారు? నేరుగా వచ్చి ప్లేటు పట్టుకుంటారు."

అందరి తలలూ కిందకి వంగాయి. అందరి కాళ్ళూ తడిగా, చెప్పుల్లేకుండా ఉన్నాయి. ఒక్క జత కాళ్ళకి మాత్రం బూట్లు, మేజోళ్ళు. వాటి మీద తెల్లటి దుమ్ము పొడిపొడిగా ఉంది.

"ఇది రుజువా? నేను శుభ్రం పాటించకపోతే దొంగనా?"

"కాదు సార్. కానీ ప్లేట్ల మీద ఆ మూట ఎవరు పెట్టారు?"

ఛాయాదేవి భర్త వంక చూసింది. "మీరేగా పెట్టారు? ప్లేట్లెగురుతున్నాయంటే బస్సులోంచి తెచ్చారు. ఏంటని అడిగితే, ఇంటికెళ్ళాక చూద్దువుగానిలే అన్నారు."

"విప్పండి సార్," అంది విజయరాణి. "రాయి పోయిందని కేకలు మొదలయ్యాక అందరి ముందూ దాన్ని తియ్యలేక, ఈ పిల్ల మీద అరిచారు. చెయ్యి జాపండి. ఇందాక పట్టుకున్నదేగా."

ఆయన చెయ్యి జాపలేదు. మగన్‌భాయ్ వచ్చి తువ్వాలు లాగాడు.

పాలరాయి. గుండ్రంగా, అప్పడమంత. అడుగున చెక్కిన అక్షరాలు.

"నీ కోసమేనే," అన్నాడు రామలింగేశ్వరరావు భార్యతో. "గంధం అరగదియ్యడానికి మంచి సాన లేదని రోజూ అంటావుగా. ఊరికే పడుంది కదా అని..."

"గంధమా! దాని మీదా! దేవుడికా!"

"ఎవరిదమ్మా ఆ సమాధి?" కమలాకర్ మెల్లగా సంగీతని అడిగాడు.

"డచ్చి షావుకారుది సార్. కక్కుళ్ళు, విరేచనాలతోటి పోయిండు. ఇదంత లోపల్నే చెప్పిన. ఎవరూ ఇనలె."

అందరూ చేతుల్లోని ప్లేట్లు చూసుకున్నారు. ఆ రాయి కింద నుంచి తీసుకున్న ప్లేట్లు.

ప్రవల్లిక కుళాయి దగ్గరికి పరుగెత్తింది. ఆమె వెనకే ఇంకో ఇద్దరు. కమలాకర్ అంతదూరం వెళ్ళలేకపోయాడు. వేపచెట్టు మొదట్లోనే పని కానిచ్చి, మూతి తుడుచుకుని తిరిగొచ్చాడు. తుడుచుకున్నది రైల్వే తువ్వాలుతోనే అని ఆలస్యంగా తెలిసింది. మళ్ళీ వెళ్ళాడు.

రెండోసారి వచ్చాక కార్యదర్శి బాధ్యత గుర్తొచ్చింది.

"మేడం, చిన్న పొరపాటు. సార్ పెద్దమనిషి. రాయి దొరికిందిగా, ఫోన్ చేసి రావద్దని చెప్పేయండి. కేసంటే మన తెలుగువాళ్ళ పరువు ఏమైపోతుంది?"

"ఇందాక ఆ పిల్ల ఏ భాషలో మొత్తుకుంది కమలాకర్‌గారూ?"

కమలాకర్ మళ్ళీ మూతి తుడుచుకున్నాడు, ఈసారి చేత్తో.

గేటు ముందు జీపు ఆగింది. పదకొండు దాటి మూడు నిమిషాలు.

"సార్ మీరే పిలిపించారు. ఎవరైనా సరేనన్నారు," అంది విజయరాణి. ఆయన జేబులోంచి ఐడీ కార్డు తీసి సంగీతకి అందించింది. కార్డు మీద ఫోటో పక్కన పసుపు వేలిముద్ర. ఇంగువ వాసన.

రామలింగేశ్వరరావు జీపు వైపు నడిచాడు. బూట్లు విప్పి కాళ్ళు కడుక్కుంటానని అడిగాడు. కానిస్టేబుల్‌కి ఎందుకో అర్థం కాలేదు. టైమ్ లేదన్నాడు.

సంగీతకి ఎవరూ క్షమాపణ చెప్పలేదు. ఆమె బ్యాగులోంచి బోర్లించినవి కూడా ఎవరూ సర్దలేదు. విజయరాణే వంగి దువ్వెన ఏరింది. రొట్టెల డబ్బా కోసం చూసింది. అది కొంచెం అవతల ఉంది. తొక్కు సగం ఖాళీ.

ఛాయాదేవి నెత్తిన రెండు సీసాల నీళ్ళు పోసుకుని, తల తుడుచుకుంటూ వచ్చింది.

"ఏమ్మాయ్, ఆ మిగిలిన కొఠీ, కోట కూడా చూపించేస్తే ఓ పనైపోతుంది. బస్సుకి రోజంతా మాట్లాడుకున్నాం మరి."

సంగీత కార్డుని చున్నీ అంచుతో తుడిచింది. పసుపు పోలేదు. అలాగే మెడలో వేసుకుంది.

"చూపిస్త మేడం. గని ఈసారి నేను ఆఖరున రాను. ముందుగాల నేను బయటికొస్త, గేటు కాడ నిలవడి మీ అందరి సంచులు చూస్త."

ఎవరూ లేవలేదు.

"చలో, నడువుండ్రి," అంది సంగీత.