తొంభై తొమ్మిది దగ్గర ఆగిన గొంతు

ఆ గుట్ట మీది రేడియో గదిలో రాత్రి కాపలా అంటే, కాకలు తీరిన సిపాయిలు కూడా కడుపునొప్పో కాలునొప్పో వంక పెట్టి తప్పించుకునేవాళ్లట. కట్టేసిన సెట్టు దానంతటదే మాట్లాడుతుందని చెప్పుకునేవాళ్లు... అది ఎవరి గొంతో కూడా చెప్పేవాళ్లు.

బక్కోడి గొంతు.

పోయినేడు వానల్లో అవతలి కొండ మీద చరియ విరిగిపడింది. అక్కడి రేడియో మనిషి బక్కోడు రాత్రంతా సాయం కోసం పిలిచాడు. ఇవతల ఒక్క ముక్క వినపడలేదు. తెల్లారి మట్టిలోంచి తీస్తే, మైకు గుప్పిట్లో అలాగే బిగిసి ఉంది.

ఆ రెండు కొండల మధ్య మాట అందుతుందని సంతకం పెట్టింది, సిపాయిలంతా లెక్కల మాస్టారని పిలిచే ఆయన. పటాలంలో ఆయన పనే అది— మ్యాపు మీద గీత గీసి, మధ్యలో అడ్డొచ్చే గుట్టల ఎత్తు చూసి, నూటికి ఎన్నిసార్లు మాట చేరుతుందో తేల్చడం.

"నూటికి తొంభై తొమ్మిదని ముందే రాశాగా! ఆ పోయే ఒక్కటీ ఆ రాత్రే పోయింది. నేనేం చెయ్యను?" అనేవాడు, ఎవరు అడిగినా అడక్కపోయినా.

ఇప్పుడు అదే కొండకి కొత్త దళం వెళ్తోంది. అందులో మాస్టారి సొంత తమ్ముడున్నాడు. తెల్లారేలోగా మళ్లీ సంతకం కావాలి. అందుకే ఆ రాత్రి ఆయనే గది తలుపు తీసి కూర్చున్నాడు. పరీక్ష కోసం సాయంత్రమే ఇద్దరు సిపాయిలు సెట్టు తీసుకుని అవతలికి బయల్దేరారు.

పరీక్ష అంటే ఏం లేదు. అవతలివాడు ఒకటి నుంచి నూరు దాకా లెక్కపెడతాడు, ఇవతలివాడు వినపడిన అంకెకల్లా టిక్కు పెడతాడు.

వాన అందుకుంది. పదకొండింటికి సెట్టు గరగరలాడింది.

"ఒకటి... రెండు... మూడు..."

గొంతు గంట కొట్టినట్టు వస్తోంది. మాస్టారికి ప్రాణం లేచొచ్చింది. ఊరికే అన్నారా నా లెక్కంటే లెక్కేనని! మురిసిపోతూ టిక్కులు పెడుతున్నాడు. పదికోసారి అవతలివాడు చిన్నగా దగ్గుతున్నాడు... ఆ దగ్గు ఎక్కడో విన్నట్టే ఉంది.

"తొంభై ఎనిమిది... తొంభై తొమ్మిది..."

ఆగిపోయింది.

"నూరు చెప్పవయ్యా!"

వాన చప్పుడు... అంతే. తర్వాత, చెవి పక్కనే అన్నంత మెల్లగా—

"ఆ ఒక్కటీ నేనే కదా మాస్టారూ... మధ్య గుట్ట మీది చెట్ల ఎత్తు ఈసారైనా కలిపారా?"

పెన్ను జారిపోయింది.

కలపలేదు. నేల ఎత్తు చూశాడు, చెట్లని వదిలేశాడు. తడిసిన ఆకులు మాటని మింగేస్తాయని ఏడాది కిందటే ఆయనకి తెలిసొచ్చింది. తెలిసీ నోరు విప్పలేదు.

తలుపు దబదబా మోగింది. మోకాళ్ల దాకా బురదతో ఇద్దరు సిపాయిలు.

"ఏమనుకోకండి మాస్టారూ... లారీ దారిలోనే దిగబడిపోయింది. మేం కొండెక్కనే లేదు. సెట్టు పెట్టెలోంచి తియ్యనే లేదు."

మాస్టారు వాళ్లకేసి చూశాడు, టిక్కులకేసి చూశాడు. ఏడుపు ఆగలేదు. ఆ తొంభై తొమ్మిది టిక్కులూ కొట్టేసి, కింద రాశాడు: 'పోయినేడు తప్పు నాది. చెట్ల ఎత్తు వెయ్యలేదు. మాట అందించడానికి మధ్య గుట్ట మీద ఇంకో సెట్టు పెట్టేదాకా దళాన్ని పంపొద్దు.' సంతకం పెట్టాడు.

సెట్టు కట్టేసి, తీగ పీకి, దీపం ఆర్పి ముగ్గురూ గుమ్మం దాటుతుంటే... వెనక చీకట్లో ఎవరో చిన్నగా దగ్గారు.

"నూరు."