బ్రాటెన్ రాంచ్‌లో ఒకే రకం బుల్లెట్

ఓరిన్ బ్రాటెన్ వెల్లకిలా పడి ఉన్నాడు. ఛాతీలో పెన్సిల్ దూరేంత గుండ్రటి చిల్లు. వీపున గాయమే లేదు. కళ్ళ మీద అప్పుడే ఈగలు ముసిరాయి.

ఉదయం 8.40. మోంటానా తూర్పు కొసన, బ్రాటెన్‌ల పశువుల రాంచ్.

డెప్యూటీ షెరీఫ్ థోరా స్కార్ శవం పక్కన మోకాళ్ళ మీద కూర్చుంది. ఎదురుగా భుజాలెత్తు సేజ్ పొదలు. వాటికి అవతల, నూట ఇరవై గజాల దూరంలో పికప్ ట్రక్కు. దాన్ని ఆనుకుని ఓరిన్ అన్నయ్య వెర్లిన్, తండ్రి హాల్వర్.

థోరా పొదలు చుట్టి ట్రక్కు దగ్గరికి వచ్చింది.

"ఎన్నింటికి కాల్చావు?"

"ఆరూ నలభైకి." వెర్లిన్ పొద్దుతిరుగుడు గింజలు నములుతున్నాడు.

"మాకు ఫోన్ వచ్చింది 7.55కి."

"చేతులాడలేదే తల్లీ! తమ్ముడు చస్తే వాచీ చూసుకుంటూ కూచుంటానా?"

"ఎక్కణ్ణుంచి కాల్చావు?"

"ఇదిగో, ఈ బానెట్ మీద రైఫిల్ ఆనించి. పొదల వెనక బూడిదరంగుదేదో కదిలింది. కొయోట్ అనుకున్నా. ఈ వారంలో రెండు దూడల్ని తినేసింది."

"ఓరిన్ కనబడలేదా?"

"కనబడితే కాలుస్తానా? కంచె తీగ కడుతూ వంగి ఉన్నాడు."

అడగడమే తడవు, జవాబు సిద్ధం. ఏడుపు మాత్రం కళ్ళ దాకా రాలేదు.

తన వాటా అమ్మేస్తానని ఓరిన్ అన్నందుకు పోయిన శనివారం బార్‌లో అన్నదమ్ములు చొక్కాలు పట్టుకున్నారు. ఊరంతా చూసింది. కానీ పోట్లాడినవాళ్ళంతా హంతకులైతే ఆ కౌంటీలో మనిషి మిగలడు.

హాల్వర్ ఆమెను పక్కకి పిలిచాడు.

"యాక్సిడెంట్ అని రాసెయ్ థోరమ్మా. ఇద్దరిలో ఒకడు పోయాడు. రెండోవాణ్ణీ నా దగ్గర్నుంచి లాక్కోకు."

థోరాకి రైఫిల్ పట్టడం నేర్పింది ఈ ముసలాయనే. అయినా అడిగింది.

"మీ ఇంట్లో బుల్లెట్లు ఎంపిక చేసేది ఎవరండీ?"

"నేనే. నలభై ఏళ్ళుగా."

"ఏ రకం?"

"నలభై గ్రెయిన్ల బరువుది. పల్చటి రాగి తొడుగు."

"అంత తేలికది ఎందుకు?"

ముసలాయన ట్రక్కు వైపు నడిచాడు. థోరా వెంట నడుస్తూ తనే చెప్పింది.

"మేత నేలలో బొరియలు తవ్వే ప్రెయిరీ డాగ్‌లని కొట్టడానికొచ్చిన నాకు పన్నెండేళ్ళప్పుడు మీరే చెప్పారు. బరువు బుల్లెట్ రాయికి తగిలి ఎగిరి పక్కవాడి ఆవుని చంపుతుంది. ఇదైతే పుల్ల తగిలినా గాల్లోనే పొడైపోతుంది. ఇంకో రకాన్ని మీరు గేటు దాటనివ్వరు."

వెర్లిన్ నమలడం ఆపేశాడు.

ఫొటోలు తీశాక శవాన్ని అంబులెన్స్ ఎక్కించారు. శవం ఉన్నచోట థోరా ఒక అట్టపెట్టె నిలబెట్టింది. తిరిగొచ్చి వెర్లిన్ రైఫిల్‌ని హాల్వర్ చేతికిచ్చింది.

"ఐదు రౌండ్లు. బానెట్ మీద నుంచి."

"నా చేతే కాల్పిస్తావా?"

"మీ గురిని కోర్టులో ఎవరూ తప్పు పట్టలేరు."

క్రూరమైన మాటే. ఆమెకీ తెలుసు. కావాలని గురి తప్పించడం మాత్రం ఆ ముసలి చేతులకి చేతకాలేదు. ఐదుసార్లు రైఫిల్ పేలింది. సేజ్ పుల్లలు ఎగిరిపడ్డాయి.

థోరా అట్టపెట్టె తెచ్చి బానెట్ మీద పెట్టింది. నాలుగైదు చోట్ల ఆవగింజలంత గాట్లు. గుండ్రటి చిల్లు ఒక్కటీ లేదు.

"పొదల్లోంచి వస్తే ముక్కలే తగులుతాయి వెర్లిన్. ఓరిన్ ఛాతీలోకి బుల్లెట్ నిండుగా దూరింది. లోపలికెళ్ళాకే పగిలింది, అందుకే వీపున గాయం లేదు. అంటే మీ మధ్య ఆకు కూడా అడ్డం లేదు. వాణ్ణి చూసే కాల్చావు. మాకు ఫోన్ చెయ్యని ఆ గంటలో శవాన్ని పొదల వెనక్కి చేర్చావు. అసలు ఎక్కడ కాల్చావు?"

వెర్లిన్ తండ్రి వైపు చూశాడు. తండ్రి అట్ట మీద వేలు రాస్తున్నాడు.

"గేటు దగ్గర," అన్నాడు వెర్లిన్.

"వాడు నిన్ను చూశాడా?"

"చూశాడు. చెయ్యి ఊపాడు."

థోరా బేడీలు వేసింది. అప్పుడు హాల్వర్ తలెత్తాడు.

"ఏమన్నా అన్నాడా?"

"కాఫీ తెచ్చావా అన్నయ్యా, అని కేకేశాడు."

ముసలాయన రైఫిల్‌లోంచి ఆఖరి ఖాళీ తూటా గొట్టం బయటికి లాగి, ఖాళీ రైఫిల్ ఆమెకి అందించాడు.

"తీసుకుపో అమ్మా," అన్నాడు. "ఇద్దరు కొడుకుల్నీ తీసుకుపో."